కెనడా రాకీస్ రోడ్ ట్రిప్: ఏ పార్క్ పాస్ ఎవరికి గిట్టుబాటు?

కాల్గరీలో దిగి, కారు అద్దెకు తీసుకుని బ్యాన్ఫ్, లేక్ లూయిస్, జాస్పర్ చుట్టి రావాలనుకునే కుటుంబాల్లో ఫ్లైట్ టికెట్లు, హోటళ్లు అయిపోయాక మిగిలే ప్రశ్న ఒకటుంది. నేషనల్ పార్కులోకి వెళ్లడానికి రోజు పాస్ చాలా, ఏడాదంతా చెల్లే డిస్కవరీ పాస్ కొనాలా? తెలిసినవాళ్లని అడిగితే తలా ఒక మాట చెబుతారు. కాల్గరీలో ఉండే స్నేహితుడు డిస్కవరీ పాస్ తీసేసుకో అంటాడు, ఎందుకంటే అతనికి అదే లాభం. కిందటేడు మూడు రోజులు వెళ్లొచ్చిన కజిన్ రోజు పాస్ చాలంటాడు. ఇద్దరూ తమ లెక్క చెబుతున్నారు. మీ లెక్క వేరే ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బయటి నుంచి వచ్చి వారం లోపు తిరిగి వెళ్లిపోయేవాళ్లు, అందరూ ఒకే కారులో ఉంటే, ఫ్యామిలీ రోజు పాస్ తీసుకోండి. అల్బర్టాలో కాపురం ఉన్నవాళ్లు ఆలోచించకుండా డిస్కవరీ పాస్ కొనుక్కోవచ్చు. ఈ రెంటి మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం కాగితం మీద ఐదు నిమిషాలు లెక్క వేసుకోవాలి. ఆ లెక్క ఎలా వేయాలో, పాస్ కొన్నా కూడా ఎక్కడెక్కడ వేరే డబ్బు కట్టాలో కింద వివరంగా రాస్తున్నాను.

ముందు మీ తేదీలు చూసుకోండి

పాస్ సంగతి తర్వాత, మీరు వెళ్లే రోజుల్లో అసలు టికెట్ కొనాలా అక్కర్లేదా అన్నది మొదట చూడాలి. 2025 వేసవిలో కెనడా ప్రభుత్వం 'కెనడా స్ట్రాంగ్ పాస్' పేరుతో జూన్ 20 నుంచి సెప్టెంబర్ 2 వరకు నేషనల్ పార్కులన్నింటిలో ప్రవేశం ఉచితం చేసింది. పేరులో పాస్ అని ఉన్నా దాన్ని ఎక్కడా తీసుకోనక్కర్లేదు, పేరు నమోదూ అక్కర్లేదు, నేరుగా గేటు దాటి వెళ్లిపోవడమే. కెనడా పౌరులకే కాదు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకీ, అమెరికా నుంచి వచ్చిన బంధువులకీ అదే వర్తించింది. 2026 వేసవికి కూడా దీన్ని పొడిగిస్తున్నట్టు ప్రకటించారు. కాబట్టి జూలై, ఆగస్టుల్లో ప్రయాణం పెట్టుకున్నవాళ్లు నేషనల్ పార్కుల్ని నడిపే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా వెబ్‌సైట్‌లో ఆ ఏడాది ఉచిత తేదీలు చూసుకున్నాకే డబ్బు తీయాలి.

ఉచిత రోజులు వచ్చిన ఏడాదిలో మే నెలలో డిస్కవరీ పాస్ కొనడం నాకు సబబుగా అనిపించదు. పన్నెండు నెలల పాస్‌లో బాగా వాడుకునే రెండున్నర నెలలూ ఎలాగూ ఉచితమే అయినప్పుడు, మిగతా నెలల్లో ఎన్నిసార్లు వెళ్తారో నిజాయితీగా లెక్కపెట్టుకోవాలి. సెప్టెంబర్ ఆఖర్లో మొరేన్ లేక్ పైన లార్చ్ చెట్లు బంగారు రంగుకు తిరిగే సమయానికి వెళ్లేవాళ్లకూ, అక్టోబర్‌లో థాంక్స్‌గివింగ్ లాంగ్ వీకెండ్‌కి వెళ్లేవాళ్లకూ పాస్ అవసరం పడుతుంది. చలికాలంలో స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లకూ అంతే.

పాస్‌లు, వాటి ధరలు

ఉన్నవి ప్రధానంగా రెండు రకాలు, ఒక్కొక్కదానిలో మూడు మెట్లు. పెద్దలకు ఒక ధర, 65 ఏళ్లు దాటిన వృద్ధులకు తక్కువ ధర, ఒకే కారులో వచ్చే ఏడుగురి దాకా కలిపి ఫ్యామిలీ లేదా గ్రూప్ ధర. 17 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకు 2018 నుంచి ప్రవేశం ఉచితం, వాళ్లని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

2024 ధరల ప్రకారం చూస్తే బ్యాన్ఫ్‌లో రోజు పాస్ పెద్దలకు 11 డాలర్లు, ఫ్యామిలీకి 22 డాలర్లు. డిస్కవరీ పాస్ పెద్దలకు 75.25, వృద్ధులకు 64.50, ఫ్యామిలీకి 151.25 డాలర్లు. ఇవన్నీ కెనడా డాలర్లు. ద్రవ్యోల్బణాన్ని బట్టి ఈ ధరల్ని అప్పుడప్పుడూ సవరిస్తుంటారు కాబట్టి మీరు వెళ్లేటప్పుడు అంకెలు వేరుగా ఉండొచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు: డిస్కవరీ పాస్ ధరని రోజు పాస్ ధరతో భాగించండి. 151.25ని 22తో భాగిస్తే ఏడుకి కాస్త తక్కువ వస్తుంది. పెద్దల పాస్‌కి కూడా 75.25ని 11తో భాగిస్తే దాదాపు అంతే. అంటే పన్నెండు నెలల్లో మొత్తం ఏడు రోజులు పార్కులో గడిపితే డిస్కవరీ పాస్ గిట్టుబాటు అవుతుంది. ఆరు రోజుల దాకా రోజు పాసే చవక.

ఈ లెక్కలో చాలామంది గమనించని విషయం రోజు పాస్ ఎప్పటికి ముగుస్తుందన్నది. ఈ రాకీస్ పార్కుల్లో రోజు పాస్ అర్ధరాత్రికి అయిపోదు, మర్నాడు సాయంత్రం నాలుగింటి దాకా చెల్లుతుంది. శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర ఒక రోజు పాస్ తీసుకుంటే ఆదివారం నాలుగింటి వరకు మీరు నిశ్చింతగా తిరగొచ్చు. శనివారం మధ్యాహ్నం పార్కులోకి వెళ్లి గురువారం మధ్యాహ్నం బయటికి వచ్చే కుటుంబం సాధారణంగా వేళ్ల మీద శని, ఆది, సోమ, మంగళ, బుధ, గురు అని లెక్కపెట్టి ఆరు రోజులకు కడుతుంది. నిజానికి ఐదు రోజులు చాలు, 110 డాలర్లలో అయిపోతుంది. గురువారం సాయంత్రం ఆరింటి దాకా ఉండి డిన్నర్ చేసుకుని బయల్దేరతామంటే అప్పుడు ఆరు రోజులు, 132 డాలర్లు. అదీ డిస్కవరీ పాస్ కంటే తక్కువే. ఏడు రోజులైతేనే 154 అయి దాన్ని దాటుతుంది.

ఇంకో మంచి సంగతి, బ్యాన్ఫ్‌లో కొన్న పాస్ పక్కనే ఉన్న జాస్పర్, యోహో, కూట్నీ పార్కుల్లోనూ చెల్లుతుంది. పొద్దున లేక్ లూయిస్ చూసి మధ్యాహ్నం యోహోలోని ఎమరాల్డ్ లేక్‌కి వెళ్తే మళ్లీ కట్టనక్కర్లేదు. పార్కు మారినప్పుడల్లా కొత్త టికెట్ కావాలేమోనన్న భయంతో ఏడాది పాస్ కొనేవాళ్లు ఉన్నారు. ఈ నాలుగు పార్కుల వరకు ఆ భయం అక్కర్లేదు.

కారులో ఎవరెవరు ఉన్నారు?

రోజుల సంఖ్య తర్వాత చూసుకోవలసింది ఇదే. 'ఫ్యామిలీ' అన్న మాట చూసి ఒకే ఇంటి వాళ్లయి ఉండాలేమో అనుకోకండి. ఐదుగురు స్నేహితులు ఒక కారులో వెళ్లినా అది గ్రూప్ కిందే వస్తుంది. విడివిడిగా కొంటే రోజుకి 55 డాలర్లు, గ్రూప్ పాస్ అయితే 22. కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు గేటు దగ్గర 'అందరం ఒకే కారు, గ్రూప్ పాస్ కావాలి' అని చెబితే సరిపోతుంది.

మొగుడూ పెళ్లాం ఇద్దరే వెళ్తే పెద్దల పాస్‌లు రెండు కొన్నా, ఫ్యామిలీ పాస్ కొన్నా రోజుకి 22 డాలర్లే. ఏడాది పాస్‌లో మాత్రం రెండు పెద్దల పాస్‌లు 150.50, ఫ్యామిలీ పాస్ 151.25. తేడా 75 సెంట్లు. ఆ 75 సెంట్లు పెట్టి ఫ్యామిలీ పాసే తీసుకోవడం మంచిదని నా సలహా, ఎందుకంటే ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి చుట్టాలు వస్తారు. అప్పుడు కారులో ఏడుగురి దాకా అదే పాస్ మీద లోపలికి వెళ్లిపోవచ్చు.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే, వృద్ధుల ధర వాళ్లకి వర్తిస్తుందా అని చాలామంది అడుగుతారు. వర్తిస్తుంది. ఈ తగ్గింపు వయసుని బట్టే కానీ పౌరసత్వాన్ని బట్టి కాదు, 65 నిండితే చాలు. పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. అయితే ఆ తగ్గింపు ఎప్పుడు ఉపయోగపడుతుందో చూడాలి. మీరు, మీ భార్య, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మామయ్య, అందరూ ఒక మినీవ్యాన్‌లో ఉంటే ఫ్యామిలీ పాస్ ఒక్కటే అందరికీ సరిపోతుంది, ఎవరి వయసూ చెప్పనక్కర్లేదు. కొడుకు ఒక్కడే తల్లిని తీసుకుని వెళ్తుంటే ఒక పెద్దల పాస్, ఒక వృద్ధుల పాస్ కలిపి ఫ్యామిలీ ధర కంటే తక్కువ అవుతుంది. వీళ్లిద్దరూ ఏడాది పాస్ కొన్నా 75.25, 64.50 కలిపి 139.75, అంటే ఫ్యామిలీ పాస్ కంటే 11.50 డాలర్లు ఆదా. తల్లిదండ్రులిద్దరే వేరే కారులో గానీ వేరే స్నేహితులతో గానీ వెళ్తే వృద్ధుల పాస్‌లు రెండు చాలు.

చిక్కు వచ్చేది రెండు కార్లు ఉన్నప్పుడు. రెండు కుటుంబాలు కలిసి ఎనిమిది, తొమ్మిది మంది బయల్దేరితే ఫ్యామిలీ పాస్ ఒక్క కారుకే పనిచేస్తుంది. ముందు కారులో ఉన్న డిస్కవరీ పాస్ చూపించి వెనక కారుని కూడా రానివ్వమంటే కుదరదు. ఇలాంటప్పుడు ఎవరికి డిస్కవరీ పాస్ ఉందో ఆ కారులో పెద్దవాళ్లని ఎక్కువమందిని ఎక్కించి, పిల్లలు ఎక్కువమంది ఉన్న రెండో కారుకి విడిగా పెద్దల రోజు పాస్ తీసుకోవడం తెలివైన పని. రెండో కారులో డ్రైవ్ చేసే ఒక్కరు, మిగతా అంతా పిల్లలైతే 11 డాలర్లతో అయిపోతుంది.

డిస్కవరీ పాస్ నిజంగా ఎవరికి?

కాల్గరీ, ఎడ్మంటన్‌లలో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. కాల్గరీ నుంచి బ్యాన్ఫ్‌కి దాదాపు 130 కిలోమీటర్లు, పొద్దున ఇడ్లీ తిని బయల్దేరితే పది దాటకుండా అక్కడుంటారు. వేసవిలో రెండు వీకెండ్‌లు, ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడు రెండుసార్లు, చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద స్కేటింగ్‌కి ఒకసారి వెళ్లినా ఏడు రోజులు ఇట్టే గడిచిపోతాయి.

దూరం నుంచి వచ్చేవాళ్లకి డిస్కవరీ పాస్ గిట్టుబాటు అయ్యే దారి ఇంకోటి ఉంది. పాస్ క్యాలెండర్ ఏడాది ప్రకారం కాకుండా కొన్నప్పటి నుంచి పన్నెండు నెలలు నడుస్తుంది. ఈ ఏడు ఆగస్టు నెలాఖర్లో రాకీస్‌కి వెళ్లి, వచ్చే ఏడు జూలైలో తూర్పు తీరానికి వెళ్లాలని అనుకుంటున్నవాళ్లు ఒకే పాస్ మీద రెండు వేసవులు గడిపేయొచ్చు. తూర్పు వైపు ఇది మరీ బాగా పనికొస్తుంది. నోవా స్కోషియాలో కేబట్ ట్రైల్ మీద కేప్ బ్రెటన్ హైలాండ్స్ నేషనల్ పార్క్, హాలిఫాక్స్ సిటడెల్, లూయిస్‌బర్గ్ కోట, న్యూ బ్రన్స్‌విక్‌లో ఫండీ పార్క్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో సముద్రతీరపు పార్క్, న్యూఫౌండ్‌లాండ్‌లో గ్రోస్ మోర్న్, ఇవన్నీ పార్క్స్ కెనడా చేతిలోనివే, డిస్కవరీ పాస్ అన్నిటిలోనూ చెల్లుతుంది. రాకీస్‌లో ఒక రోజు పాస్ నాలుగు పార్కులకి పనిచేసినట్టు ఇక్కడ కుదరదు, ఎక్కడికక్కడ టికెట్. కోటలకీ చారిత్రక స్థలాలకీ విడిగా కడుతూ పోతే రోజు ఖర్చు చూస్తుండగానే పెరుగుతుంది. పది రోజుల అట్లాంటిక్ ట్రిప్‌కి నేనైతే డిస్కవరీ పాస్ లేకుండా బయల్దేరమని ఎవరికీ చెప్పను.

టొరంటో చుట్టుపక్కల ఉండే మన వాళ్లకి మాత్రం కొంచెం ఆగమంటాను. ఊరి అంచున ఉన్న రూజ్ నేషనల్ అర్బన్ పార్కుకి ప్రవేశ రుసుమే లేదు. శరదృతువులో ఆకుల రంగులు చూడటానికి అందరూ వెళ్లే ఆల్గాంక్విన్ నేషనల్ పార్క్ కాదు, అది ఒంటారియో ప్రావిన్స్‌ది. అక్కడ డిస్కవరీ పాస్ చెల్లదు, కారుకి వేరే పర్మిట్ తీసుకోవాలి, రద్దీ రోజుల్లో ముందే బుక్ చేసుకోవాలి. నయాగరా జలపాతం కూడా నేషనల్ పార్క్ కాదు, దాని నిర్వహణ వేరే సంస్థది. దగ్గర్లోని నయాగరా ఆన్ ద లేక్ ఊళ్లో ఉన్న ఫోర్ట్ జార్జ్‌లో మాత్రం డిస్కవరీ పాస్ పనిచేస్తుంది. పాయింట్ పీలీ, బ్రూస్ పెనిన్సులా ఏడాదికి ఒక్కోసారి వెళ్లొచ్చే కుటుంబానికి ఫ్యామిలీ రోజు పాసే సరిపోతుంది. వీకెండ్‌ల్లో ఎక్కువగా వెళ్లేది ప్రావిన్స్ పార్కులకే అయితే ఒంటారియో పార్క్స్ వాళ్ల సీజన్ పాస్ వైపు చూడండి.

కొత్తగా కెనడా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఏదీ కొనకముందే కానూ యాప్‌లో చేరండి. దాని ద్వారా ఏడాది పాటు పార్క్స్ కెనడా స్థలాల్లో ఉచిత ప్రవేశం ఇస్తారు. ప్రమాణం చేసిన సంబరంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఆ ఏడాది కాస్తా గడిచిపోతుంది. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఈ మధ్య పౌరులయి ఉంటే వాళ్లకి చెప్పండి.

పాస్ చేతిలో ఉన్నా ఆపేచోట్లు

నాకు తెలిసినంతలో ట్రిప్‌లు పాడయ్యేది పాస్ లేకపోవడం వల్ల కాదు, పాస్ ఉంది కదా అన్న ధీమా వల్ల. 22 డాలర్లు మిగిలాయా, 40 మిగిలాయా అని రాత్రి కూర్చుని లెక్కలు కట్టినవాళ్లు మొరేన్ లేక్ షటిల్ సంగతి మర్చిపోతే, ఏ ఫోటో చూసి ట్రిప్ మొదలుపెట్టారో ఆ చోటే చూడకుండా తిరిగి వస్తారు.

మొరేన్ లేక్ రోడ్డు మీదికి 2023 నుంచి సొంత కార్లను, అద్దె కార్లను రానివ్వడం లేదు. పార్క్స్ కెనడా షటిల్ గానీ, రోమ్ అనే స్థానిక బస్సు గానీ, ప్రైవేటు టూర్ బస్సు గానీ ఎక్కాలి. షటిల్ లేక్ లూయిస్ స్కీ రిసార్ట్ పార్కింగ్ దగ్గర బయల్దేరుతుంది. 2024లో పెద్దలకు 8 డాలర్లు, పిల్లలకు ఉచితం, బుకింగ్ రుసుము అదనం. సీట్లు రెండు విడతలుగా ఇస్తారు. ఏప్రిల్‌లో బుకింగ్ తెరిచినప్పుడు 40 శాతం, మిగతా 60 శాతం ప్రయాణానికి రెండు రోజుల ముందు పొద్దున ఎనిమిదింటికి, అల్బర్టా టైమ్ ప్రకారం. ఏప్రిల్‌లో దొరకలేదని టెన్షన్ పడకండి. రెండు రోజుల ముందు ఎనిమిదికి పది నిమిషాలు ఉండగానే లాగిన్ అయి, కార్డు వివరాలు పక్కన పెట్టుకుని, ఇద్దరు రెండు ఫోన్లలో ప్రయత్నిస్తే దొరికే అవకాశం బాగానే ఉంటుంది. టొరంటోలో ఉన్నవాళ్లకి అది పది గంటలు, వాంకూవర్‌లో ఏడు. పిల్లలకి ఉచితమే అయినా సీటు మాత్రం వాళ్ల పేరు మీదా బుక్ చేయాలి. ఒక సరస్సుకి బుక్ చేస్తే రెండు సరస్సుల మధ్య తిరిగే బస్సు కూడా అందులోనే వస్తుంది కాబట్టి లేక్ లూయిస్, మొరేన్ రెండూ ఒకే రోజు చూసేయొచ్చు.

లేక్ లూయిస్ ఒడ్డు దాకా కారులో వెళ్లొచ్చు కానీ సీజన్‌లో అక్కడ పార్కింగ్‌కి వేరే డబ్బు, అది ఫ్యామిలీ రోజు పాస్ కంటే ఎక్కువే. పైగా తెల్లారేసరికే నిండిపోతుంది. తాతగారు నడవలేరు, కారు దగ్గరే ఉండాలి అనుకుంటే తప్ప షటిలే నయం. క్యాంపింగ్, బ్యాన్ఫ్ వేడినీటి బుగ్గ, గొండోలా, మలీన్ లేక్ బోటు, ఐస్‌ఫీల్డ్ మీద హిమానీనదం ఎక్కించే బస్సు, వీటన్నిటికీ వేరే టికెట్లు. ఒంటారియోలో బ్రూస్ పెనిన్సులాలోని గ్రోటో అనే గుహ కూడా ఇలాంటిదే. సీజన్‌లో పాస్ ఉన్నా పార్కింగ్ స్లాట్ ముందే బుక్ చేసుకోకపోతే కారుని వెనక్కి పంపేస్తారు.

తర్వాతిది కననాస్కిస్. బ్యాన్ఫ్‌లో గదుల ధరలు చూసి చాలామంది క్యాన్‌మోర్‌లో దిగుతారు, మంచి ఆలోచనే. ఊరు పార్కు గేటుకి ఇవతల ఉంటుంది కాబట్టి అక్కడ పడుకున్న రాత్రికి పార్కు పాస్ అక్కర్లేదు. అయితే క్యాన్‌మోర్ పక్కన గ్రాసీ లేక్స్‌కో, కననాస్కిస్ లోయలోని సరస్సులకో వెళ్లి కారు ఆపితే అల్బర్టా ప్రభుత్వం వాళ్ల కననాస్కిస్ కన్జర్వేషన్ పాస్ కావాలి. 2021 జూన్‌లో పెట్టారు దీన్ని, కారుకి రోజుకి 15 డాలర్లు, ఏడాదికి 90. దానికీ డిస్కవరీ పాస్‌కీ సంబంధం లేదు. రెంటికీ ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటంటే, డిస్కవరీ పాస్ అద్దం దగ్గర వేలాడదీసే కార్డు, ఏ కారులోకైనా మార్చుకోవచ్చు. కననాస్కిస్ పాస్ కారు నంబర్ ప్లేట్ మీద నమోదవుతుంది. అద్దె కారైతే ఎయిర్‌పోర్ట్‌లో తాళాలు చేతికొచ్చాక నంబర్ ప్లేట్ ఫోటో తీసుకుని అప్పుడు ఆన్‌లైన్‌లో కొనండి. ఇంటి దగ్గరే కొనేద్దామనుకుంటే ఏ నంబర్ ఇవ్వాలో మీకే తెలియదు.

బ్రిటిష్ కొలంబియా వైపు వెళ్లేవాళ్లు జోఫ్రీ లేక్స్, గరిబాల్డీ, గోల్డెన్ ఇయర్స్ లాంటి ప్రావిన్స్ పార్కులకి రద్దీ కాలంలో రోజు పాస్ ముందుగా బుక్ చేసుకోవాలి. దానికి డబ్బు తీసుకోరు, కానీ పరిమితంగా ఇస్తారు.

ఎక్కడ కొనాలి

కాల్గరీ వైపు నుంచి వెళ్తే క్యాన్‌మోర్ దాటగానే హైవే మీదే గేటు వస్తుంది. పాస్ ఉన్నవాళ్లకీ, ఆగకుండా వెళ్లిపోయేవాళ్లకీ వేరే లేన్లు. కొనుక్కోవలసినవాళ్లు బూత్ ఉన్న లేన్‌లోకి వెళ్తే లోపలి మనిషి ఎంతమంది, ఎన్ని రోజులు అని అడిగి చీటీ చేతికిస్తారు. కార్డుతో కట్టొచ్చు. ఆ చీటీని డాష్‌బోర్డ్ మీద తేదీ బయటికి కనబడేలా పెట్టాలి, ఎండకి జారి సీటు కిందకి పోకుండా చూసుకోండి. పార్కింగ్‌లో ఆగి ఉన్న కార్లను సిబ్బంది తిరిగి చూస్తుంటారు. మొత్తం ఎన్ని రోజులుంటారో ముందే చెప్పి ఒకేసారి తీసుకుంటే మళ్లీ మళ్లీ క్యూలో నిలబడే పని ఉండదు. శనివారం పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య ఆ క్యూ పొడవుగా ఉంటుంది, కాబట్టి వీకెండ్‌లో వెళ్లేవాళ్లు రోజు పాస్ ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోవడం మేలు. డిస్కవరీ పాస్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే పోస్టులో వస్తుంది. ప్రయాణం నాలుగు రోజుల్లో ఉందనగా ఆర్డర్ పెట్టకండి, అప్పుడు గేటు దగ్గరో విజిటర్ సెంటర్‌లోనో తీసుకోండి.

ట్రాన్స్ కెనడా హైవే మీద కాల్గరీ నుంచి వాంకూవర్‌కి ఎక్కడా ఆగకుండా వెళ్లిపోయేవాళ్లకి పాస్ అక్కర్లేదన్న మాట నిజమే. ఆ మాట పట్టుకుని ఫ్రీ లేన్‌లో దూరి బ్యాన్ఫ్ ఊళ్లో దిగి తిరిగేవాళ్లున్నారు. ఇది నాకు నచ్చదు. కాఫీకి ఆగినా, సరస్సు దగ్గర ఫోటో తీసుకున్నా పాస్ ఉండాలి. ఈ డబ్బు ట్రైల్స్‌కీ, మరుగుదొడ్లకీ, పార్కు నిర్వహణకీ తిరిగి ఖర్చవుతుంది. నలుగురు కాఫీ తాగితే అయ్యే ఖర్చుతో కారు నిండా జనం రోజంతా తిరగొచ్చు, అది ఎగ్గొట్టి దాచుకునేంత మొత్తం కాదు. ఇక లేక్ లూయిస్ నుంచి జాస్పర్‌కి వెళ్లే 232 కిలోమీటర్ల ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీదైతే ఆగినా ఆగకపోయినా పాస్ తప్పనిసరి, దారి మొదట్లోనే గేటు ఉంటుంది. ఆ దారిలో ఆగకుండా వెళ్లడం ఎలాగూ ఎవరి తరమూ కాదు. పేటో లేక్ దగ్గర ఒకసారి, అథబాస్కా హిమానీనదం దగ్గర ఒకసారి దిగి తీరతారు.

జాస్పర్ ఊళ్లో 2024 జూలైలో పెద్ద కార్చిచ్చు వచ్చి ఇళ్లు, హోటళ్లు చాలా కాలిపోయాయి. రోజుల సంఖ్య తేల్చుకునే ముందు అక్కడ మీకు కావలసిన తేదీల్లో గది దొరుకుతుందో లేదో చూడండి. దొరక్కపోతే హింటన్‌లో దిగవలసి వస్తుంది. అది పార్కు బయట ఉంది కాబట్టి పాస్ రోజుల లెక్క కూడా మారుతుంది.

అమెరికా నుంచి వచ్చేవాళ్లకి

సియాటిల్ నుంచో, మోంటానాలోని గ్లేసియర్ పార్కు చూసుకుంటూనో పైకి వచ్చే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అమెరికా నేషనల్ పార్కుల ఏడాది పాస్ కెనడాలో చెల్లదు. గ్లేసియర్‌నీ సరిహద్దుకి ఇవతలున్న వాటర్టన్ లేక్స్ పార్కునీ కలిపి 1932లో అంతర్జాతీయ శాంతి పార్కుగా ప్రకటించారు, పేరు ఒకటే అయినా రెండు వైపులా టికెట్లు వేరు. మీ ట్రిప్‌లో రెండు రోజులు అటు, నాలుగు రోజులు ఇటు ఉంటే ఆ నాలుగు రోజులకే ఇక్కడి రోజు పాస్ లెక్క వేసుకోండి. డిస్కవరీ పాస్ అవసరం పడదు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద హెచ్1బీలో ఉన్నవాళ్లకి కెనడా విజిటర్ వీసా కూడా కావాలి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి అక్కర్లేదు. పాస్ నిమిషాల్లో కొనుక్కోవచ్చు కానీ వీసాకి వారాలు పట్టొచ్చు, కాబట్టి ముందు ఆ పని మొదలుపెట్టండి. ఆ తర్వాత షటిల్ బుకింగ్ తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. పాస్ గేటు దగ్గర తీసుకున్నా పరవాలేదు.